జిగురు డబ్బా

ఆ ఆసుపత్రి వంటశాలలో ఆమెను అందరూ చప్పట్లమ్మ అనేవారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది. ఆ పట్టీ ఉన్న బీరువా తాళంచెవి పెద్ద సిస్టర్ నడుముకి వేలాడుతూ ఉండేది కాబట్టి ఆ పేరుతో ఎవరికీ పనిపడలేదు. జొన్నపిండి ముద్దను పీట మీద పెట్టి ఆమె అరచేత్తో తడుతుంటే, మేడ మీద మూడో వార్డువాళ్లకి దూరాన ఏదో పెద్ద సభలో జనం చప్పట్లు కొడుతున్నట్టు వినబడేది. ఒకసారి ఒక ముసలాయన మత్తుమందు దిగుతూ దిగుతూ ఆ చప్పుడు విని, తనకేదో సన్మానం జరుగుతోందనుకుని, మంచం మీద లేచి కూర్చుని నాలుగు వైపులా నమస్కారాలు పెట్టాడట. అంతకుముందు వారం రోజులుగా ఆయన కనురెప్ప కూడా కదపలేదట. ఇది కోతాయన చెప్పిన మాట. కోతాయన అంటే అక్కడ కూరగాయలు తరిగే మనిషి. ఆయన మాటలకు తొక్క తీసేస్తే లోపల పావు వంతు మిగులుతుంది.

రొట్టెల మాట మాత్రం పూర్తిగా నిజం. కంపాసు పెట్టి గీసినట్టు గుండ్రంగా, అంచు ఎక్కడా చిట్లకుండా, జేబురుమాలులా నాలుగు మడతలు పడేవి. జొన్నరొట్టె చేసినవాళ్లకే ఇది ఎంత వింతో తెలుస్తుంది. జొన్నపిండికి పట్టు ఉండదు. సాగదీస్తే తెగుతుంది, మడిస్తే విరుగుతుంది, కోపంగా చూస్తే పగులుతుంది. చక్కెర జబ్బువాళ్లకి అది మంచిదని, కడుపులో నెమ్మదిగా అరుగుతుందని డాక్టర్లు రాసిచ్చేవారు. జొన్న అన్న మాట వినగానే రోగులు ముఖం ముడుచుకునేవారు. వారం తిరిగేసరికి అదే రోగులు, ఇంటికి వెళ్లిపొమ్మంటే కళ్లనీళ్లు పెట్టుకునేవారు. ఇరవై ఏళ్లుగా ఆ ఆసుపత్రి పరువు సగం డాక్టర్ల చేతిలోను, సగం తన అరచేతిలోను ఉందని చప్పట్లమ్మ నమ్మకం.

ఆ చేతిని చూసుకుంటే ఆమెకు ఎంత గర్వమో, వంటశాల రెండో మూల రాగిజావ కాచే మనిషిని చూస్తే అంత కడుపుమంట. ఆ మనిషి ఆమెకు స్వయానా తోటికోడలు. చిన్నామె. వార్డుల్లో జావమ్మ అంటారు.

పదకొండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఒకే కప్పు కింద, ఒకే పొగలో, పదహారు అడుగుల దూరంలో నిలబడి పదకొండేళ్లు. అవసరం పడితే వస్తువులతో మాట్లాడేవారు. దారికి అడ్డం కూర్చుంటే తన్నులు తింటావని చిన్నామె బకెట్టుకి చెప్పేది. బకెట్టు పెద్దామెది. జావ పొంగి పొయ్యి ఆరిపోతోంది, కళ్లు నీకు లేవా నీ యజమానురాలికి లేవా అని పెద్దామె గిన్నె మూతను అడిగేది. వస్తువులు మోయలేని సంగతులుంటే కోతాయన మోసేవాడు. ఇద్దరి మధ్యా ఉల్లిపాయలు తరుగుతూ కూర్చునేవాడు కాబట్టి ఆయన కళ్లలో ఎప్పుడూ నీళ్లు ఉండేవి. అవి ఉల్లివో మధ్యవర్తిత్వానివో ఎవరూ తేల్చలేకపోయారు.

చప్పట్లమ్మ రోజూ కొంగున ఒక పాత పౌడరు డబ్బా కట్టుకొచ్చేది. పిండి కలిపేటప్పుడు అందరికీ వీపు పెట్టి ఒక్క నిమిషం దాన్ని తీసేది, మళ్లీ కట్టేసేది. అది చూసి చూసి చిన్నామె ఒకరోజు అంది:

"కోతాయనా, ఆవిణ్ణి అడుగు. పొయ్యి ముందు నిలబడే మనిషికి పౌడరు ఎవరి కోసమట?"

"చెప్పు కోతాయనా," అంది చప్పట్లమ్మ వెనక్కి తిరక్కుండానే. "ముఖం ఉన్నవాళ్లు పౌడరు రాసుకుంటారని, లేనివాళ్లు మసి రాసుకుంటారని."

మోసే పని లేక కోతాయన ఇంకో ఉల్లిపాయ అందుకున్నాడు. ఇద్దరూ విన్నారు కదా.

ఈ పగ వంటశాలలో పుట్టింది కాదు. దాని కోసం నలభై రెండేళ్లు వెనక్కి వెళ్లాలి.

చప్పట్లమ్మ పుట్టిన ఇంట్లో పొద్దున జొన్న, మధ్యాహ్నం జొన్న, సాయంత్రం మార్పు కోసం జొన్న. వాళ్ల నాన్న చేను కాపలా మనిషి. మంచె మీద నిలబడి వడిసెల తిప్పితే, రాయి పిట్టకు తగలకుండా దాని ముక్కులోని గింజకు మాత్రమే తగిలేదట. తెల్లన్నం ఆ ఇంట్లో జ్వరం వచ్చినవాళ్లకే వండేవారు. అందుకని ఆ పిల్ల ఎనిమిదో ఏట చంకలో ఉల్లిపాయ పెట్టుకుని ఎండలో నిలబడి జ్వరం తెచ్చుకుంది. అన్నం ఉడికింది. తీరా కంచం ముందు కూర్చున్నాక చంకలోని ఉల్లిపాయ జారి కంచంలోనే పడింది. వాళ్ల నాన్న దాన్ని చేత్తో చితక్కొట్టి, అన్నం తను తిని, ఉల్లిపాయా జొన్నరొట్టే కూతురికి పెట్టాడు.

పదహారో ఏట పెళ్లయి వచ్చిన ఇల్లు పుస్తకాలు కుట్టే ఇల్లు. మామగారిదీ కొడుకులిద్దరిదీ అదే పని. ముందు గదిలో కత్తిరించిన కాగితం అంచులు మోకాలి లోతున పడి ఉండేవి. అట్టలు అతికించడానికి పెద్ద రేకు డబ్బాలో మైదాపిండి ఉండేది. దాన్ని నీళ్లలో ఉడికించి జిగురు చేసేవారు. ఉడికించాక అది జిగురు, ఉడికించకముందు జిగురు పిండి, అది ఉండేది జిగురు డబ్బా. ఆ ఇంట్లో జొన్న తినేది, మైదా అతికించేది. మైదా గోధుమల్లోంచి వస్తుందని కొత్త కోడలికి ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. జిగురు జిగురు డబ్బాలోంచి వస్తుంది, అంతే.

అత్తగారి నోరు పుస్తకాలు కోసే కత్తికంటే పదును. కొత్త కోడలి రొట్టెను గుమ్మంలో వెలుతురుకి పట్టుకుని చూసేది. "ఇందులోంచి వీధంతా కనబడుతోందే అమ్మాయ్. తినడం ఎందుకు, కిటికీకి బిగించుకుందాం," అనేది. తరవాత ఆ రొట్టెను వీధికుక్క ముందుకు విసిరేది. ఇలా మూడు నెలలు. కోడలు నీళ్లు తాగి పడుకునేది.

ఒక మధ్యాహ్నం మామగారు చిరిగిన పేజీకి వేలితో జిగురు రాసి అతికించడం ఆమె చూసింది. చిరుగు మాయమైంది. కాగితాన్ని పట్టి ఉంచేది రొట్టెను పట్టి ఉంచదా అనిపించింది. ఎవరూ చూడకుండా ఒక పిడికెడు తీసి జొన్నపిండిలో కలిపింది. ఆ పూట అత్తగారు రొట్టెను వెలుతురుకి పట్టుకుంది. వీధి కనబడలేదు. మడిచింది. విరగలేదు. ఇంకోసారి మడిచింది. మాట్లాడకుండా తినేసింది. మర్నాటి నుంచి, తన పెద్దకోడలి చేతిలో ఏదో ఉందని వీధి వీధంతా చాటింది. అబద్ధం కాదు. చేతిలో పిడికెడు జిగురు పిండి ఉంది.

అది మోసమని చప్పట్లమ్మకు ఏనాడూ తోచలేదు. ఇటుకల మధ్య సున్నం పెట్టే మేస్త్రీని ఎవరైనా దొంగ అంటారా?

ఏడేళ్ల తరవాత చిన్నకోడలు వచ్చింది. ఆమె రొట్టె కూడా మామూలు జొన్నరొట్టెలాగే అంచుల దగ్గర పగిలేది. అత్తగారు దాన్నీ వెలుతురుకి పట్టుకుంది. దాన్నీ కుక్కకు విసిరింది. తేడా ఏమిటంటే, ఇప్పుడు పక్కన పోల్చి చూపడానికి పెద్దకోడలి రొట్టె ఉంది. చిన్నామె ఒకరోజు వచ్చి పెద్దామె కాళ్ల దగ్గర కూర్చుని, ఎలా చేస్తావో నాకూ చెప్పక్కా అని బతిమాలింది. అది చేతిలో ఉండాలి చెల్లీ, చెబితే వచ్చేది కాదు అంది పెద్దామె, పిండి చేతులు దులుపుకుంటూ. ఇంట్లో తనకున్న ఒకే ఒక్క పెద్దరికం అది. ఎలా ఇచ్చేస్తుంది?

ఇరవై నాలుగేళ్లు అలా గడిచాయి. చిన్నామె రొట్టెల మీద మూడు తరాల వీధికుక్కలు పెరిగాయి. వాటి పళ్లు చూసి పక్క వీధి కుక్కలు తోక ముడిచేవని, ఒకటి పంతొమ్మిదేళ్లు బతికి చివరిదాకా ఎముకలు కొరికిందని చెప్పుకునేవారు. మంచి తిండి ఎవరు తింటే వాళ్లకే ఒంటపడుతుంది.

పోయేముందు అత్తగారు తన ఇనుప పెనం పెద్దకోడలికి ఇప్పించింది. చేయి ఉన్నదానికే పెనం అంది. ఆవిడ పోయిన మూడో రోజు పెనం పట్టుకుని నిలబడ్డ పెద్దామెతో చిన్నామె అన్న మాట ఇది: "నా రొట్టె తిన్న కుక్క గుమ్మంలో బతికే ఉందక్కా. నీ రొట్టె తిన్న మనిషే పోయింది." ఆ తరవాత మాటల్లేవు.

అత్తగారు ఉండగానే, పుస్తకాల పని సన్నగిల్లినప్పుడే పెద్దామె ఆసుపత్రి వంటశాలలో కుదురుకుంది. కొన్నేళ్లకు చిన్నామె మొగుడికి నడుం పడిపోయి మంచాన పడ్డాడు. ఆమె కూడా అక్కడికే పనికి వచ్చింది. ఆ మనిషికి రొట్టె చేతకాదని, వీధిలో ఎవరినడిగినా చెబుతారని చప్పట్లమ్మ ముందే పెద్ద సిస్టర్ చెవిన వేసింది. అందుకే చిన్నామెకు పెనం దక్కలేదు, జావగిన్నె దక్కింది.

ఇక కండక్టరు సంగతి. మూడో వార్డు ఏడో మంచం. బస్సు కండక్టరుగా చేసేవాడు. వచ్చిననాడు యూనిఫాం చొక్కాలో మనిషి ఉన్నాడో లేడో చెయ్యి పెట్టి వెతకాల్సి వచ్చిందట. రెండేళ్లుగా ఏది తిన్నా ఒంటికి పట్టడం లేదు. టికెట్టు లేనివాణ్ణి దింపేసినట్టు తన కడుపు తిన్నదాన్నల్లా ముందు స్టాపులోనే దింపేస్తోందని చెప్పుకుని నవ్వేవాడు. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని తిరిగే డాక్టరమ్మ పరీక్షలు చేయించి, ఈయనకు గోధుమ పడదని తేల్చింది. జొన్న, రాగి, సజ్జ, కొర్ర, ఏదైనా పెట్టండి, గోధుమ గాలి మాత్రం సోకకూడదని రాసింది. కిందికి దిగివచ్చి చప్పట్లమ్మను అడిగింది కూడా: రొట్టెలో గోధుమ ఏమైనా కలుస్తోందా?

చప్పట్లమ్మకు ఒళ్లు మండింది. తన పుట్టింట్లోగాని మెట్టినింట్లోగాని గోధుమ గింజ ముట్టినవాళ్లు లేరని చెప్పింది. ఆమెకు తెలిసినంతలో అది నిజం.

మూడు వారాలైనా కండక్టరు లేవలేదు. ఉన్న కండ కూడా కరిగింది. డాక్టరమ్మ వంటశాలంతా గాలించింది. జావ మూల దగ్గర, మిగతా రోగులకు గోధుమరవ్వ కాచే గిన్నె పక్కనే రాగిజావ గిన్నె ఉంది. రెండింటికీ గరిటె ఒక్కటే. ప్రతిసారీ వేణ్ణీళ్లతో కడుగుతానని చిన్నామె అంది. పెద్ద సిస్టర్ వినలేదు. ఆవిడ ఆ వంటశాలను మూడో తరగతి నడిపినట్టు నడిపేది. తప్పు జరిగిందంటే ఒకరు బెంచీ ఎక్కాల్సిందే. ఏడో మంచానికి జావ ఆపేశారు. శనివారం తరవాత పనికి రానక్కర్లేదని చిన్నామెకు చెప్పేశారు. మంచాన ఉన్న మొగుడు, ఇంట్లో వేరే సంపాదన లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. చప్పట్లమ్మకు ఇంకా బాగా తెలుసు.

ఆ పూట ఆమె పీట మీద కొట్టిన చప్పట్లు నాలుగో వార్డుదాకా వినబడ్డాయి. జావ ఆగింది కాబట్టి కండక్టరుకు మూడు రొట్టెల బదులు ఐదు. వాటిని తనే స్వయంగా పైకి పట్టుకెళ్లింది. ఆయన నాలుగో మడత విప్పి, వేళ్ల మధ్య నలిపి, కళ్లు మూసుకున్నాడు.

"అమ్మా, ఈ రొట్టె తిని చచ్చినా ఫరవాలేదు," అన్నాడు.

నాలుగు రోజులకు ఆయన తలగడ మీంచి తల ఎత్తలేకపోయాడు.

గురువారం డాక్టరమ్మ మళ్లీ కిందికి వచ్చింది. ఈసారి ఏమీ గాలించలేదు. ఉల్లిపాయల బస్తా మీద కూలబడింది. చిన్నామె అప్పుడు పెరట్లో గిన్నెలు తోముతోంది. జావ మానిపించినా మనిషి ఎందుకిలా అయిపోతున్నాడో తనకు అర్థం కావడం లేదంది డాక్టరమ్మ. వీళ్లకు తెలియకుండా ఎక్కడో కలుస్తోందని, అందుకని విడమరిచి చెబుతానని మొదలుపెట్టింది.

"గోధుమలో ఒక జిగురు ఉంటుందమ్మా. మైదా అన్నా గోధుమే, అందులోనూ ఉంటుంది. పిండి సాగేది, రొట్టె పగలకుండా ఉండేది దానివల్లే. మనందరికీ అరుగుతుంది. ఆయన పేగుకి మాత్రం అది విషం. చిటికెడు చాలు. జొన్నలో, రాగిలో ఆ జిగురు లేదు. అందుకే ఆయనకి అవి రాశాను."

డాక్టరమ్మ పుట్టి బుద్ధెరిగి పెనం ముట్టిన మనిషి కాదు. ఎదురుగా జేబురుమాళ్లలా మడిచి పెట్టిన నలభై రొట్టెలున్నాయి. తన మాటలోనే జవాబు ఉందని ఆమెకే తెలియలేదు. పెన్ను జుట్టులో గుచ్చుకుని వెళ్లిపోయింది.

మూడో వార్డులో ఎవరో అడిగారట, చప్పట్లు ఎందుకు ఆగిపోయాయని.

చప్పట్లమ్మ అరచేయి పిండి మీదే ఉండిపోయింది. జిగురు. ఆ మాట ఆమె ఇంటిది. చదువుకున్న పిల్ల నోట్లోంచి అలా వచ్చి పడటమేమిటి? కొంగున కట్టుకున్న డబ్బా బరువెక్కింది. పిండి కలిపిన ప్రతిసారీ పిడికెడు. ఈ నాలుగు రోజులూ రోజుకి ఐదు రొట్టెలు. చిటికెడు చాలంటోంది ఆ పిల్ల.

చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆ చేతి పేరు పోతుంది. నలభై రెండేళ్ల పేరు. ఇంకేమీ లేదు ఆమెకు. మొగుడు ఎప్పుడో పోయాడు, ఇల్లు వాటాలేసుకున్నారు, మిగిలింది పెనమూ చేయీ. చెప్పకపోతే? చెప్పకుండానే డబ్బా మానేస్తే చాలదా? కండక్టరు బతుకుతాడు. చిన్నది శనివారం పోతుంది. పేరు ఉంటుంది. మూడూ ఒకేసారి కుదురుతున్నాయి. అబ్బ, ఎంత తేలిక అనుకుంది.

శుక్రవారం డబ్బా ఇంట్లో వదిలేసి వచ్చింది.

ఆమె జొన్నపిండి ఒక్కటే కలిపి నలభై రెండేళ్లయింది. ఆ పిండి ఆమెను గుర్తుపట్టలేదు. చన్నీళ్లు పోసింది, ఇసకలా విడిపోయింది. ఇంకాసిని పోసింది, బురదైంది. తడితే నాలుగు దిక్కులా పగుళ్లు పారాయి. పెనం మీద వేయబోతే సగం చేతిలో, సగం పొయ్యిలో. చెమట కారి పిండిలో పడింది. చివరికి రొట్టెలని చెప్పి కొన్ని పెచ్చులు ట్రేలో పెట్టి, పిండి పాతదని కోతాయనకు వినబడేలా గొణిగి, పైకి పంపింది.

వార్డులో గోల లేచింది. కంచాలు తిరిగి వచ్చాయి. కండక్టరు తలగడ మీంచే పెచ్చును చూసి, ఇది ఆ జావావిడ చేసినట్టుంది, ఆవిడ చేతి సంగతి విన్నాంలెండి అన్నాడట. పదిమంది దాన్నే పట్టుకున్నారు. పావుగంటలో పెద్ద సిస్టర్ ఒక కంచం పట్టుకుని వంటశాల గుమ్మంలో నిలబడింది.

"ఇది ఎవరు చేశారో లేచి నిలబడండి."

అప్పటికే అందరూ నిలబడే ఉన్నారు. కూర్చున్నది కోతాయన ఒక్కడు. ఆయన భయపడి లేచాడు. అందరి కళ్లూ చిన్నామె మీదికి తిరిగాయి. పెద్ద సిస్టర్‌కి ఆ చూపులు చాలు. వెళ్లిపోయే మనిషి వెళ్లిపోకుండా పెనం దగ్గరికి ఎందుకు వెళ్లావని, రేపటిదాకా అక్కర్లేదు, ఇప్పుడే బయలుదేరమని చెప్పింది.

వింత ఏమిటంటే చిన్నామె వాదించలేదు. ఆ పొద్దున పెనం వైపు తొంగి కూడా చూడని మనిషి, కంచంలోని పగుళ్లు చూసి, తర్వాత తన అరచేతులు చూసుకుంది. పగిలిన రొట్టె ఎక్కడ కనబడినా అది తనదే అని ఒంటికి నేర్పేశారు. కొంగుతో చేతులు తుడుచుకుని గుమ్మం వైపు నడిచింది.

చప్పట్లమ్మకు జాలి కలిగిందనుకుంటే పొరపాటు. కలగలేదు. ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. పొద్దున్నుంచీ చెమటోడ్చి తను పగలగొట్టిన రొట్టెలు అవి. నలభై రెండేళ్ల తరవాత ఉత్త జొన్నతో తను చేసినవి. వాటిని కూడా ఈ మనిషి నోరెత్తకుండా తనవని చెప్పి పట్టుకుపోతోంది.

"ఆగు," అంది. బకెట్టుతో కాదు, మూతతో కాదు. "ఆ రొట్టె నాది."

పెద్ద సిస్టర్‌కి అర్థం కాలేదు. చప్పట్లమ్మ చెప్పడం మొదలుపెట్టింది. జిగురు డబ్బా, పిడికెడు పిండి, పౌడరు డబ్బా, నలభై రెండేళ్లు. నంగి నంగిగా కాదు, దెబ్బలాడుతున్నట్టు చెప్పింది. డాక్టరమ్మను పిలవమంది. డాక్టరమ్మ మెట్లు దిగి వచ్చేలోపే చిన్నామెకు మొత్తం అర్థమైపోయింది. రొట్టె చేసే మనిషి కదా. నిమ్మళంగా వెనక్కి వచ్చి, ఎదురుగా నిలబడింది.

"అక్కా."

పదకొండేళ్ల తరవాత మొదటి మాట. కోతాయన కత్తి కింద పెట్టేశాడు.

"ఇరవై నాలుగేళ్లు నా రొట్టె కుక్కకి వేయించావు."

"వేయించాను."

"నీ కాళ్ల దగ్గర కూర్చుని అడిగాను. చేతిలో ఉండాలన్నావు."

"చేతిలోనే ఉంది," అంది చప్పట్లమ్మ. "పిడికెడు."

చిన్నామె ఆమెను కొడుతుందనుకున్నారు అందరూ. చప్పట్లమ్మ కూడా అనుకుంది. కొడితే బాగుండుననే అనుకుంది. చిన్నామె ఆమెను భుజంతో పక్కకు నెట్టి, ముందు పీటా పెనమూ పళ్లెమూ వేణ్ణీళ్లతో రెండుసార్లు కడిగింది. కొత్త బస్తా విప్పించింది. మరుగుతున్న నీళ్లు పిండిలో గుమ్మరించి, పొగలు కక్కుతుండగానే మణికట్టుతో మెదిపింది. చేతులు కాలుతున్నా లెక్కచేయలేదు. ముద్దను పీట మీదికి విసిరి, తట్టడం మొదలుపెట్టింది. ఆ పూట మూడో వార్డుకి వినబడినవి చప్పట్లు కావు. ఎవరో ఎవరినో చెంపలు వాయిస్తున్నట్టుంది. ఒక్కొక్క దెబ్బకీ అత్తగారు సమాధిలో పక్కకు ఒత్తిగిలి ఉంటుంది.

రొట్టె అంచులు పగిలాయి. నడుం మాత్రం విరగలేదు. ఏడో మంచానికి అదే వెళ్లింది.

పెద్ద సిస్టర్ ఇద్దరికీ మూలలు మార్చేసింది. గరిటెలు వేరుచేయించింది. పౌడరు డబ్బా తెప్పించి బీరువాలో పెట్టి తాళం వేసింది, అది పేలుతుందేమో అన్నంత జాగ్రత్తగా. వార్డుల్లో పాత పేరు పోయి జిగురమ్మ అనే పేరు పుట్టడానికి రెండు రోజులు పట్టింది. ఇంటికి వెళ్లేటప్పుడు రొట్టె కోసం ఏడ్చేవాళ్లు ఇప్పుడు లేరు. ఈ రొట్టెకు మేకు కొట్టి గోడకు తగిలించుకోవచ్చని ఫిర్యాదులు వస్తున్నాయి. అందరికంటే ఎక్కువ తిట్టేది కండక్టరే. మూడో వారానికి కూర్చుని తిట్టాడు, ఐదో వారానికి నిలబడి తిట్టాడు. యూనిఫాం గుండీలు పెట్టుకుని వెళ్లిపోయే రోజున వంటశాల గుమ్మం దగ్గర ఆగి చిన్నామెకు నమస్కారం పెట్టాడు. జావ మూల వైపు చూసి, "ఆవిడ నాకు పైలోకానికి టికెట్టు కొట్టేసింది, సీటు దొరక్క ఆగిపోయాను," అని కోతాయనతో అని పోయాడు.

జిగురమ్మ జావ కలుపుతూనే ఉంది, తల ఎత్తలేదు. వినబడకపోవడం ఏమిటి, వినబడింది.

అవతలి మూల నుంచి తట్టే చప్పుడు రోజూ వచ్చేది. తనదానికంటే నెమ్మది. ముందు అరచేయి, తరవాత తడి చేత్తో అంచు చుట్టూ ఒక సర్దు, మళ్లీ అరచేయి. గరిటె తిప్పుతూ జిగురమ్మ ఆ వరస చెవితోనే పట్టేసింది. ఆమె అటు చూడటం చిన్నామె గమనించి, వీపు అడ్డం పెట్టుకుని చేసేది.

ఒక మధ్యాహ్నం పెనం మీంచి తీస్తుంటే ఒక రొట్టె రెండు ముక్కలైంది. వార్డుకి పంపడానికి పనికిరాదు. చిన్నామె దాన్ని వెలుతురుకి పట్టుకుని చూసింది. ఒక సగం నోట్లో పెట్టుకుంది. రెండో సగం పట్టుకుని పదహారు అడుగులూ నడిచి వచ్చి, జిగురమ్మ ముందున్న కంచంలో విసిరింది. కుక్క ముందుకు విసిరినట్టే విసిరింది.

"తిను. జొన్నరొట్టె అంటే ఇది."

జిగురమ్మ దాన్ని చాలాసేపు చూసింది. తరవాత తుంచి నోట్లో పెట్టుకుంది. గరుకు. చిరుచేదు, ఆ వెనక తీపి. చంకలోంచి ఉల్లిపాయ జారిన రోజుల్లో తిన్న రొట్టె తరవాత ఇంత ఉత్త జొన్న నాలికకు తగల్లేదు. కంచం ఖాళీ అయ్యేదాకా నమిలింది. వేలితో పొడి కూడా అద్దుకుని తింది. చిన్నామె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడే ఉంది.

జిగురమ్మ మూతి తుడుచుకుని కోతాయన వైపు తిరిగింది.

"ఆవిడకి చెప్పు," అంది. "ఉప్పు తక్కువైందని."